భావి ప్రతిభా రిజిస్టరు

రేవుల, పడవల నిర్వహణ సంస్థకు గోదావరి మీద ఒకప్పుడు నలభై ఒక్క రేవులు ఉండేవి. వంతెనలు వచ్చాక మూడు మిగిలాయి. సిబ్బంది మాత్రం తగ్గలేదు. రేవులు మూతపడిన కొద్దీ, మూతపడిన రేవుల విభాగం పెద్దదవుతూ వచ్చింది. ఈ సంస్థకు ఒక కబడ్డీ జట్టు కూడా ఉంది. అంతర్ సంస్థల పోటీల్లో అది ఆ ఏడు ఆడిన పద్నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయింది. అంతకుముందు ఏడు పదమూడే ఓడింది. పద్నాలుగోది వాన వల్ల జరగలేదు.

ఈ జబ్బుకి మందు ఏమిటో కోచ్ సూర్నారాయణ మాస్టారికి తెలుసు. ఆ మందు పేరు ధనుంజయ. లంక గ్రామంలో ఇసుక పడవ నడిపే కుటుంబంలోని కుర్రాడు, ఇరవై రెండేళ్ళవాడు. పదహారో ఏట ఊరి పోటీల్లో ఇసుకలో కూతకు వెళ్ళి, ముగ్గురు చుట్టుముడితే తడి సబ్బులా జారి బయటికొచ్చాడు. ఆ రోజే మాస్టారు అతన్ని చూశారు. నాలుగేళ్ళు వెంటపడి నేర్పించి, సంస్థలో శిక్షణ క్రీడాకారుడిగా చేర్పించారు. రెండేళ్ళయింది. ఇంతవరకు అతను అధికారిక పోటీ ఒక్కటీ ఆడలేదు. ఎప్పుడూ పై సర్వీసువాళ్ళే ముందు. మూతపడిన రేవుల్లో పనిచేసిన సీనియర్లని కాదని నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి ఎలా దించుతారు?

మాస్టారి దిగులంతా పదకొండో నిబంధన గురించి. మూడేళ్ళలో ఒక్క అధికారిక పోటీలోనైనా ఆడని శిక్షణ క్రీడాకారుడిని నిరుపయోగిగా భావించి తొలగించాలని అందులో ఉంది. మిగిలింది ఒక్క సీజను. తొలగిస్తే కుర్రాడు మళ్ళీ ఇసుక తట్ట ఎత్తుకోవాలి.

అందుకే, జాయింట్ డైరెక్టర్ కరుణాకర్ గారు రాబోయే ఏడాదిని ‘పునర్నిర్మాణ సంవత్సరం’గా ప్రకటించి, దానికో సంఘం వేశారని తెలియగానే మాస్టారు సంతోషించారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన సంతోషించడం మానలేదు. అదొక అలవాటుగా మిగిలిపోయింది.

వేసవి అంతా సంస్థ రెండుగా చీలిపోయింది. బయటి జట్లలో పేరు మోసిన వీరులను తెచ్చుకోవాలని అనుభవ పక్షం, ఉన్న కుర్రాళ్ళనే ఆడించాలని భవిష్య పక్షం. జీవితంలో కబడ్డీ గీత దాటనివాళ్ళు కూడా క్యాంటీనులో ఉప్మా చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. లెడ్జరు విభాగంలో ఇద్దరు స్నేహితులు మాట్లాడుకోవడం మానేసి, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని నోట్లు పంపుకోవడం మొదలుపెట్టారు. సంఘం ఏడుసార్లు సమావేశమైంది.

ఆ సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ ఫైలూ ఎవరినీ నొప్పించి మూతపడదు. ఇద్దరు రెండు రకాలుగా అడిగితే ఇద్దరికీ ఔననే రాస్తారు. ఒకసారి ఒకే రేవుని మూసేయాలని ఒకరు, నడపాలని ఒకరు రాస్తే, పడవను ఉంచి రేవుని మూశారు. కబడ్డీ విషయంలోనూ అలాగే జరిగింది. ముగ్గురు అనుభవజ్ఞులను తేవాలి. నలుగురు కుర్రాళ్ళ భావి ప్రతిభను కాపాడాలి. ఒకరి వల్ల మరొకరికి ఏ నష్టమూ కలగకూడదు. తీర్మానం చదివినప్పుడు రెండు పక్షాలూ చప్పట్లు కొట్టాయి. మాస్టారూ కొట్టారు.

అనుభవజ్ఞులు ముగ్గురిలో పెద్దవాడు అప్పలకొండ. శ్రీకాకుళం వైపు మనిషి. ఒకప్పుడు ఆయన చీలమండ పట్టుకున్నాడంటే రాష్ట్రంలో ఏ కూతగాడూ మధ్య గీతకి తిరిగిపోలేదని చెప్పుకునేవారు. నలభై ఆరేళ్ళున్నాయి. సంస్థ సొంత లాంచీలో, పూలదండతో, ఊరేగింపుగా తీసుకొచ్చారు. రేవు మెట్లు దిగడానికి ఆయనకి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. దిగాక మాస్టారి చెవిలో, “మోకాళ్ళు ఒగ్గీస్తే మిగతాదంతా బాగానే ఉంది మాస్టారూ,” అన్నాడు.

సీజను మొదలవడానికి ముందురోజు మాస్టారు ఏడుగురి జాబితా పట్టుకెళ్ళారు. మొదటి పేరు ధనుంజయది. కరుణాకర్ గారు జాబితాను కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశారు. పక్కన సూపరింటెండెంట్ హైమావతి గారు నీలం అట్ట రిజిస్టరుతో కూర్చుని ఉన్నారు. ప్రతి కుర్రాడి భావి ప్రతిభనూ వందకి ఇంత అని సంఘం నిర్ణయించి అందులో ఎక్కించింది.

“ఈ ధనుంజయ భావి ప్రతిభ ఎంత, హైమావతి గారూ?”

“తొంభై నాలుగు సార్. మన సంస్థలో ఇదే ఎక్కువ.”

“రేపు ఇతడు కూతకు వెళ్ళి దొరికిపోయినచో, ఈ తొంభై నాలుగు తగ్గునా, తగ్గదా, మాస్టారూ?”

ఒక్కోసారి ఎవరైనా దొరుకుతారని, అది ఆట లక్షణమని మాస్టారు చెప్పబోయారు. కరుణాకర్ గారు వినిపించుకోలేదు.

“తగ్గును. నిరుడు ఇతడు ఆడలేదు గనుకనే తొంభై నాలుగున్నది. ఆడినవారందరిదీ ఎంతున్నదో చూడండి. పదకొండు, ఎనిమిది, సున్న. ఈనాడు సంస్థకు గర్వముగా చెప్పుకొనుటకు మిగిలినది ఈ ఒక్క అంకె. దానిని మైదానములో పారబోయుటకు నేను అనుమతించజాలను.”

పోనీ ఆ పెద్దవాళ్ళు ముగ్గురినీ దించనివ్వమని మాస్టారు అడిగారు. దానికీ వీల్లేదన్నారు. ఇరవై ఏళ్ళ కీర్తిని చూసి తెచ్చుకున్నాం, ఒక్క ఓటమితో మచ్చ పడితే తెచ్చుకున్నది ఏమయినట్టు? వారు మైదానం పక్కన కుర్చీల్లో కూర్చుంటారు. వారిని చూసి కుర్రాళ్ళు స్ఫూర్తి పొందుతారు. కుర్రాళ్ళను చూసి వారు ఆశ పొందుతారు.

“మరి ఆట ఎవరాడతారండీ?” అన్నారు మాస్టారు.

కరుణాకర్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన చెడ్డవాడు కాదు. ప్రశ్న న్యాయమైనదని ఆయనకీ తోచింది. చివరికి, అనుభవమూ లేక, భావి ప్రతిభా లేక, ఆడితే పోగొట్టుకోవడానికి ఏదీ లేనివారు ఆడాలని తేల్చారు. ఆ విధంగా ధ్రువపత్రం ఉన్నవారినే బరిలో దించాలని సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. ధ్రువపత్రం మీద సంబంధిత ఉద్యోగి సంతకం కూడా ఉండాలి.

మొదటి మ్యాచ్‌లో టపా గుమాస్తా, రికార్డు గది అటెండరు, ఇద్దరు టికెట్ కలెక్టర్లు, ఒక లాకుల కాపలాదారు, టైపు మిషన్లు పోయాక మిగిలిపోయిన ఒక టైపిస్టు, వంటాయన ఆడారు. యాభై ఒకటికి నాలుగు. ఆ నాలుగూ అవతలివాళ్ళు నవ్వు ఆపుకోలేక గీత తొక్కినవి. కానీ నలుగురు కుర్రాళ్ళ భావి ప్రతిభ ఒక్క అంకె కూడా తగ్గలేదని, ముగ్గురు పెద్దల కీర్తి చెక్కుచెదరలేదని మర్నాడు నోటీసు బోర్డు మీద పెట్టారు. సంస్థ చరిత్రలో ఇంత ఫలప్రదమైన ఓటమి లేదని అందులో రాశారు.

నాలుగో మ్యాచ్‌లో చిక్కు వచ్చింది. లాకుల కాపలాదారు గంగరాజు, జీవితమంతా తాళ్ళు పట్టుకున్నవాడు, తన పక్కగా పోతున్న కాలుని చూసి ఆలోచించకుండా పట్టుకున్నాడు. మళ్ళీ ఇంకోటి పట్టుకున్నాడు. ఆ రోజు మొత్తం తొమ్మిది. మాస్టారు ఆనందంతో అతని వీపు తట్టారు. మర్నాడు గంగరాజు ధ్రువపత్రం రద్దయింది. అతనిలో అరవై రెండు అంకెల భావి ప్రతిభ బయటపడిందని, దాన్ని తక్షణం కాపాడాలని ఉత్తర్వు. గంగరాజు కుర్రాళ్ళ వరసలో కుర్చీలో కూర్చున్నాడు. అతని వయసు యాభై మూడు.

అక్కడినుంచి అదే వరస. ఎవడైనా ఒక పాయింటు తెస్తే వాడు కుర్చీలోకి. సంక్రాంతి దాటేసరికి మైదానం పక్కన కుర్చీల్లో పందొమ్మిది మంది, లోపల ఏడుగురు. పక్కన కూర్చున్న జట్టు చాలా మంచి జట్టని, దానితో ఆడాల్సి వస్తే కష్టమని ప్రత్యర్థులు కూడా అనేవారు.

పన్నెండో మ్యాచ్‌కి వచ్చేసరికి సంస్థలో పనికిరానివాళ్ళ నిల్వ అయిపోయింది. ప్రతి విభాగం నుంచి ఇద్దరిని పంపాలని సర్క్యులర్ వెళ్ళింది. న్యాయ విభాగం మా దగ్గర అందరికీ ప్రతిభ ఉన్నదని తిప్పి పంపింది. మూతపడిన రేవుల విభాగాధిపతి తన పై అధికారి పేరు రాసి పంపాడు. దాని మీద వేరే ఫైలు నడుస్తోంది. ఇటు పద్నాలుగోది, ఆఖరిది, దగ్గరపడుతోంది. అది అయిపోతే ధనుంజయకి మూడేళ్ళు నిండుతాయి. మరి తొంభై నాలుగు అంకెల ప్రతిభను పదకొండో నిబంధన కింద ఎలా తీసేస్తారని మాస్టారు అడిగితే, ప్రతిభ క్రీడా విభాగానిది, తొలగింపు సిబ్బంది విభాగానిది, ఒకరి పనిలో ఒకరు జోక్యం చేసుకోరన్నారు. వీడ్కోలు సభలో చదవడానికి ధనుంజయ ప్రతిభ మీద ప్రశంసాపత్రం కూడా తయారైంది.

ఆ సాయంత్రం మాస్టారు ఇంట్లో తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. భార్య ఉన్న రోజుల్లో ఆఫీసు కాగితాలు ఆవిడకి చదివి వినిపించేవారు. సగం కొట్టేయమనేది. ఆ రోజు కొట్టేయడానికి ఏమీ మిగలకుండా మూడు వాక్యాలే రాశారు. శిక్షణ క్రీడాకారుడు ధనుంజయను ఆరేళ్ళుగా ఎరుగుదును. అతనిలో ఏ ప్రతిభా లేదు, రాదు. ఇంతకాలం పొరబడినందుకు చింతిస్తున్నాను.

రాశాక కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ధనుంజయ సంతకం కావాలి కదా. పొద్దున్నే మైదానంలో అతనికి కాగితం ఇచ్చి, మాస్టారు గోదావరి వైపు తిరిగి నిలబడ్డారు. కుర్రాడు రెండుసార్లు చదివాడు.

“ఏటండి మాస్టారూ ఇది. నిజంగానే అంటన్నారా?”

“నిజంగా అయితే మూడు ముక్కల్లో రాస్తానా రా.”

కుర్రాడు మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. ఆ సంతకం వంకర పోలేదు. అంత మాత్రానికే మాస్టారి ప్రాణం కాస్త కుదుటపడింది.

కాగితం చూసి కరుణాకర్ గారు కలవరపడ్డారు. తొంభై నాలుగుని ఒక్కసారిగా సున్న చేయడం మాటలు కాదు, సంఘం ఎదుట పరీక్ష జరగాలన్నారు. అనుభవజ్ఞులు ముగ్గురు ఒకవైపు, ధనుంజయ ఒకవైపు. మూడుసార్లు కూతకు వెళ్ళి మూడుసార్లూ దొరకాలి. పెద్దల కీర్తికి భంగం లేకుండా ఇది అభ్యాసంగానే నమోదవుతుంది.

మైదానం పక్కన సంఘం సభ్యులు వరసగా కూర్చున్నారు. ఎండ మొహం మీద పడుతుంటే హైమావతి గారు నీలం రిజిస్టరు నెత్తిన అడ్డం పెట్టుకున్నారు. ధనుంజయ మధ్య గీత దాటాడు. అప్పలకొండ చేతులు చాచి, పెదవులు కదలకుండా, “నా కాడికి రా బాబూ, నానే పట్టీసుకుంటాను,” అన్నాడు. కుర్రాడు ఆయన దగ్గరికే వెళ్ళాడు. అప్పలకొండ వంగాడు. వంగినవాడు లేవలేకపోయాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని లేపడానికి వచ్చారు. ఆ ముగ్గురి మధ్య చిక్కుకున్న కుర్రాడి ఒళ్ళు అతన్ని అడక్కుండానే నడుం తిప్పి, భుజం దించి, ముగ్గురినీ తాకి, మధ్య గీత దాటి బయటికొచ్చేసింది.

సంఘం సభ్యులు చప్పట్లు కొట్టి, గుర్తొచ్చి ఆపేశారు. “ప్రతిభా చిహ్నములు కానవచ్చుచున్నవి,” అన్నారు కరుణాకర్ గారు ఆశగా.

నీళ్ళివ్వడానికి వెళ్ళినట్టు మాస్టారు వెళ్ళారు. కుర్రాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆరేళ్ళు తప్పించుకోడం నేర్పేరండి. దొరకడం ఒక్కపూట కూడా నేర్పలేదు. ఇప్పుడు రమ్మంటే ఎలా వత్తదండి?”

“నా తప్పే. పట్టుకోవడం వాళ్ళ వల్ల కాదు, దొరకడం నీ వల్ల కాదు. కూత ఆపెయ్. ఊపిరి ఆగితే ఔటే కదా. ఎవరూ నిన్ను ముట్టుకోనక్కర్లేదు.”

రెండోసారి ధనుంజయ మధ్య గీత దాటి, నాలుగుసార్లు ‘కబడ్డీ’ అని, నోరు మూసుకుని నిలబడిపోయాడు. మూడోసారి రెండుసార్లే అన్నాడు. మొదటిది లెక్కలోంచి తీసేసి మళ్ళీ ఒకటి వెళ్ళమన్నారు. వెళ్ళి, అసలు మొదలుపెట్టకుండానే ఆగాడు. అప్పలకొండ తల వంచుకుని నేల చూశాడు. కరుణాకర్ గారు బరువుగా నిట్టూర్చి, ఊపిరి లేదని స్వయంగా రాశారు. హైమావతి గారు తొంభై నాలుగుని ఎర్ర సిరాతో కొట్టేసి సున్న పెట్టారు. కొట్టేసిన గీత ఎంత సన్నగా గీశారంటే, కిందున్న అంకె చక్కగా కనిపిస్తూనే ఉంది.

ఆఖరి మ్యాచ్ ఉప్పు కొఠారుల జట్టుతో. ధనుంజయ ధ్రువపత్రం ఉన్న పనికిరానివాడిగా బరిలోకి దిగాడు. మొదటి కూతలో ఇద్దరిని తాకి వచ్చాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి అంకెలు చాలు. ఇరవై మూడు పాయింట్లు అతనివే. ముప్పై ఆరుకి ముప్పై మూడు. మూడేళ్ళలో సంస్థ గెలిచిన మొదటి మ్యాచ్ అది. గంగరాజు కుర్చీ ఎక్కి గంతులేశాడు. మాస్టారు మాత్రం ఆ రెండు సగాల్లోనూ కూర్చోలేదు, అరవలేదు. చివరి ఈల తర్వాత కుర్రాడు వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని, “మూడో కూతలో ఎడం కాలు ఆలస్యమయింది,” అన్నారు.

మర్నాడు కరుణాకర్ గారు మాస్టారిని పిలిపించారు. ఆయన మొహంలో నిజమైన దుఃఖం ఉంది.

“అంత ప్రతిభ ఉన్నదని ముందే తెలిసినచో, మాస్టారూ, అతనిని ఆడనిచ్చి ఉండేవారమా?”

విచారణ వారంలో ముగిసింది. నివేదిక క్లుప్తంగా ఉంది. ధనుంజయలో ప్రతిభ లేదని కోచ్ లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. ఉన్నదని రుజువైంది. కావున ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో కోచ్‌కు అనుభవమేదీ కలుగలేదని తేలుచున్నది. వయసు యాభై ఆరు గనుక భావి ప్రతిభ ప్రశ్నే తలెత్తదు. అనుభవమూ, భావి ప్రతిభా రెండూ లేనందున సూర్నారాయణ వచ్చే సీజనులో జట్టు తరపున ఆడుటకు సంపూర్ణ అర్హుడు.

ధనుంజయ ఉద్యోగం ఖాయమైంది. ఒక మ్యాచ్ ఆడి గెలిచినందున అతని భావి ప్రతిభ పూర్తిగా ఖర్చయి అనుభవంగా మారిందని, అందుచేత అనుభవజ్ఞుల కుర్చీల్లో నాలుగోది అతనికి కేటాయిస్తున్నామని ఉత్తర్వు. ఖాళీ అయిన కోచ్ పదవి కూడా అనుభవజ్ఞుడికే ఇవ్వాలి గనుక అదీ అతనికే ఇచ్చారు. ఇరవై మూడేళ్ళ ఆ కొత్త కోచ్, ఉత్తర్వు చేత్తో పట్టుకుని మాస్టారింటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, “ఇంక నన్ను ఆడనివ్వరంటండి,” అన్నాడు.

“పొద్దున్నే నాకు నేర్పేటప్పుడు ఆడతావుగా. సంఘం ఎనిమిదింటికి గానీ నిద్ర లేవదు.”

అలా ఆ వేసవంతా పొద్దున్న ఆరింటికే మైదానంలో ఆట జరిగింది. ధనుంజయ కూతకి వచ్చేవాడు, మాస్టారు, గంగరాజు, వంటాయన పట్టుకోబోయేవారు. అప్పలకొండ గీత మీద కుర్చీ వేసుకుని కూర్చుని చీలమండ ఎక్కడ పట్టుకోవాలో చెప్పేవాడు. నెల తిరిగేసరికి మాస్టారి పొట్ట రెండంగుళాలు తగ్గింది. చూస్తే కరుణాకర్ గారు కంగారుపడతారని చొక్కా వదులుగా వేసుకునేవారు.

సీజను మొదటి మ్యాచ్‌లో మాస్టారు కూతకు వెళ్ళారు. తెల్ల జుట్టు, నీలం నిక్కరు. అవతలి కుర్రాళ్ళు పెద్దాయనకి దెబ్బ తగలకూడదని వెనక్కి వెనక్కి జరిగారు. అలా జరగడంలో ఒకడి మోచెయ్యి మాస్టారి వేలికి తగిలింది. ఆయన తిరిగొచ్చి మధ్య గీత దాటాక కూడా కాసేపు కూత ఆపలేదు. ఒక పాయింటు.

కుర్చీల వరసలో కలకలం రేగింది. హైమావతి గారు నీలం రిజిస్టరు తెరిచారు. కరుణాకర్ గారు చిన్న కాగితం మీద ఏదో రాసి కోచ్‌కి పంపించారు. సూర్నారాయణ గారిలో ఊహించని భావి ప్రతిభ బయటపడినందున తక్షణం మైదానం నుంచి రప్పించి కాపాడవలెను.

ధనుంజయ దాన్ని చివరిదాకా చదివాడు. మడిచి నిక్కరు జేబులో పెట్టుకున్నాడు. గీత దగ్గరికి వచ్చి, ఒకప్పుడు తనతో ఎవరూ అనని మాట అన్నాడు.

“మాస్టారూ, ఇంకో కూత కూడా మీరే ఎల్లండి.”